అర్థం కాకుండా కాపీ చేసిన ఆ లైను గురించే ముందు రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివా, పొద్దున్నే లేచి ఇంకోసారి చదివా. కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రామ్ నుంచి ఆర్డుయినో బోర్డుకి (మోటార్లూ లైట్లూ నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది) సీరియల్‌లో, అంటే యూఎస్‌బీ వైరు మీద బిట్టు తర్వాత బిట్టుగా, కమాండ్లు పంపేది తెలుగులో రాయాలని నీకు అనిపించింది చూడు, ముందు దానికే నాకు చాలా సంతోషం. మన విడవలూరు, అల్లూరు పక్క రొయ్యల గుంటల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి ఇట్టాంటివి చేసుకోవాలని చూసే పిల్లోళ్లు ఉన్నారు, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్లే తక్కువ. నువ్వు రాయి, ఆపొద్దు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నీ కోడ్‌లో పోర్టు ఓపెన్ చేసిన వెంటనే రెండు సెకన్లు ఆగమని ఒక లైను పెట్టావు. వ్యాసం మొత్తంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. బాడ్ రేటు (సెకనుకి ఎన్ని బిట్లు పోతాయో ఆ లెక్క) అంటే ఏందో ఒక పేరా రాశావు, పైథాన్‌తో సీరియల్ వాడేదానికి కావాల్సిన పైసీరియల్ ఇన్‌స్టాల్ చేసేదానికి ఇంకో పేరా రాశావు, ఈ లైను దగ్గరికొచ్చేసరికి గమ్మున దాటేశావు. యాడో చూసి పెట్టుకుని ఉంటావు, పనిచేసింది, వదిలేశావు. తప్పేం కాదు, అందరం అట్టే నేర్చుకుంటాం. కానీ రాసేటప్పుడు మాత్రం ఎందుకుందో తెలియకుండా కోడ్‌లో ఉండిపోయిన లైను ఏదో ముందు దాన్నే పట్టుకోవాల, ఎందుకంటే చదివేవాడు ఇరుక్కుపోయేది సరిగ్గా ఆడనే.

ఊనో బోర్డుకి (ఆర్డుయినోలో ఒక రకం) కంప్యూటర్ పోర్టు తెరవగానే డీటీఆర్ అనే సిగ్నల్ లైను (కంప్యూటర్ రెడీగా ఉందని చెప్పేది) కదులుతుంది, ఆ లైను బోర్డు మీద రీసెట్‌కి కలిపి ఉంటుంది, అంటే నీ ప్రోగ్రామ్ ఒక్క అక్షరం పంపకముందే బోర్డు ఒకసారి ఆరిపోయి లేచినట్టు లెక్క. లేచాక కూడా నీ కోడ్ వెంటనే మొదలవ్వదు, కొత్త స్కెచ్ (బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రామ్) ఏమన్నా వస్తుందేమోనని బూట్‌లోడర్, అంటే బోర్డు లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్, కాసేపు చూసి, రాకపోతే అప్పుడు వదుల్తుంది. ఈ లోపల పంపిన కమాండ్ పోయినట్టే. కొత్తవాడికి ఏమనిపిస్తుందో ఆలోచించు, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ఉండే సీరియల్ మానిటర్ విండోలో టైప్ చేస్తే రిలే (బోర్డు చెప్తే పడే స్విచ్చు) టక్కుమంటుంది, పైథాన్ నుంచి పంపితే ఉలుకూ పలుకూ ఉండదు, వాడు వైరు మారుస్తాడు, డ్రైవర్ మళ్లీ ఎక్కిస్తాడు, చివరికి బోర్డు పాడైపోయిందని పక్కన పడేస్తాడు. (మానిటర్ విండో మూయకుండా పైథాన్ నడిపితే పోర్టు బిజీ అని వస్తుంది, అదీ ఒక ముక్క రాయి, అంతకు మించి వద్దు.)

ఈ రీసెట్ ఎంత పని చేస్తుందో నాకు తెలిసొచ్చింది అల్లూరు దగ్గర ఒక స్నేహితుడి వెనామీ రొయ్యల గుంట గట్టు మీద. షెడ్డులో పాత ల్యాప్‌టాప్, దానికి బోర్డు, బోర్డుకి నాలుగు రిలేలు, ఆ రిలేలు స్టార్టర్ బాక్సుల్లో కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) కాయిల్స్‌కి పోతాయి, మోటార్లకి నేరుగా కాదు. ప్రోగ్రామ్ ఎప్పుడన్నా హ్యాంగ్ అయితే దానంతటదే మళ్లీ మొదలయ్యేటట్టు పెట్టా. ఒకరోజు రాత్రి మూడింటప్పుడు అదే జరిగింది, ప్రోగ్రామ్ మళ్లీ లేచింది, పోర్టు తెరిచింది, బోర్డు రీసెట్ అయింది, నాలుగు రిలేలూ పడిపోయి ఏరియేటర్లు ఆగిపోయాయి. ప్రోగ్రామ్ దగ్గరున్న ఫైల్లో మాత్రం నాలుగూ నడుస్తున్నాయనే ఉంది, అందుకని అది ఏ కమాండూ పంపలా. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతా వచ్చి తెల్లారే ముందు బాగా కిందికి పోతుందని నీకు నేను చెప్పక్కర్లా, గుంటల మధ్యే పెరిగినోడివి. కాపలా ఉండే పెద్దాయన సద్దు ఆగిపోయిందని లేచి చేత్తో స్టార్టర్లు నొక్కబట్టి సరిపోయింది, అప్పటికే రొయ్య పైకి తేలడం మొదలుపెట్టింది. స్నేహితుడు నన్ను ఒక్క మాట కూడా అనలా. ఆ రోజు ఆ గట్టు మీద నిలబడి ఆయన మొహం చూడలేకపోయా.

తర్వాత మార్చింది రెండే. రిలే ఎన్‌సీ కాంటాక్టుకి (రిలేకి కరెంటు లేనప్పుడు కలిసి ఉండేది) వైరింగ్ మార్చాం, అంటే బోర్డు చచ్చిపోయినా, రీసెట్ అయినా ఏరియేటర్ నడుస్తానే ఉంటుంది, ఆపాలంటేనే కమాండ్ కావాల. రెండోది, రెండు సెకన్లు అని గుడ్డిగా ఆగడం తీసేశా. బోర్డు లేవగానే రెడీ అని ఒక లైను పంపుతుంది, అది వచ్చేదాకా ప్రోగ్రామ్ నోరు తెరవదు, వచ్చాక ముందు ఏది ఆన్‌లో ఉంది ఏది ఆఫ్‌లో ఉంది అని అడుగుతుంది, ఆ తర్వాతే కమాండ్. పంపిన ప్రతి కమాండ్‌కీ బోర్డు సరే అని తిరిగి చెప్పాల, చెప్పకపోతే మళ్లీ పంపాల. నీ వ్యాసంలో అంతా పంపడమే ఉంది, వినడం లేదు. సగం వ్యాసం వినడం గురించి రాయాల్సిన సబ్జెక్టు ఇది.

మాట యాడ ముగుస్తుందో కూడా చెప్పలేదు నువ్వు. గూడూరు నిమ్మ మార్కెట్లో వేలం చూసుంటావు కదా, మూడోసారి అనేదాకా రేటు ఖాయం కాదు, సీరియల్‌లో ఆ మూడోసారి న్యూలైన్, అంటే లైను అయిపోయిందని చెప్పే అక్షరం. అది పంపకపోతే, రీడ్ స్ట్రింగ్ అంటిల్ (ఆ అక్షరం వచ్చేదాకా చదివే ఫంక్షన్) వాడినోళ్లకి రిలే ఒక సెకను లేటుగా టక్కుమంటుంది, ఎందుకంటే డిఫాల్ట్ టైమౌట్ 1000 మిల్లీసెకన్లు, అప్పటిదాకా ఇంకా ఏదో వస్తుందని చూస్తా ఉంటుంది. సెకను లేటు అవుతుంటే న్యూలైన్ చూసుకోండి అని రాయి, ఎవరో ఒకరికి రెండు రోజులు మిగులుతాయి. ఇంకోటి, చివర క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనపడని అక్షరం కూడా అంటుకుని వస్తే కళ్లకి రెండు మాటలూ ఒకటే మాదిరి కనిపిస్తాయి, పోల్చితే మాత్రం కలవవు, దాన్ని కత్తిరించాల, అదే ట్రిమ్ చెయ్యాల.

"ఒకటి పంపితే వెలుగుతుంది" అని రాశావు. ఏ ఒకటి? అక్షరం ఒకటి అయితే పోయేది దాని కోడు 49, అంకె ఒకటి అయితే పోయేది 1. ఈ తేడా రాయకపోతే ఆ వాక్యం ఉన్నా లేనట్టే.

నువ్వు అడిగావు కదా, కమాండ్లు తెలుగులోనే పంపితే ఎట్టుంటుంది అన్నా అని. నాకు ఆ ప్రశ్న భలే నచ్చింది, దాన్ని వ్యాసంలో ఎందుకు పెట్టలేదో అర్థం కాలా. పనిచేస్తుంది. కాకపోతే ఇంగ్లీషులో ఆన్ అంటే రెండు బైట్లు, తెలుగులో "ఆన్" అంటే ఆ, న, పొల్లు, ఒక్కోటి యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు, మొత్తం తొమ్మిది. 9600 బాడ్ రేటు దగ్గర స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలుపుకుని ఒక్కో బైటుకి పది బిట్లు, అంటే సెకనుకి 960 బైట్లు. ఊనో రిసీవ్ బఫర్ (వచ్చినవి దాచుకునే చోటు) 64 బైట్లే, నీ స్కెచ్‌లో మాదిరి డిలే 1000, అంటే ఒక సెకను ఆగమని, పెట్టి బోర్డు కూర్చుంటే, ఆపకుండా పంపినప్పుడు 67 మిల్లీసెకన్లలో బఫర్ నిండి మిగతాది పోతుంది. ఈ లెక్క మన భాషతోనే చెప్పగలం, ఇంగ్లీషులో రాసేవాడికి ఇది తట్టదు కూడా. దీనికి ఒక పేజీ ఇవ్వు.

భాష సంగతి కూడా చెప్తా. మైక్రోకంట్రోలర్‌ని "సూక్ష్మ నియంత్రిక" అన్నావు, సీరియల్‌ని "శ్రేణి సంచారం" అన్నావు. గుంట దగ్గర ఎవరన్నా అట్ట అంటారా? బోర్డు అను, పోర్టు అను, కమాండ్ అను. చదివేవాడు షాపుకి పోయి అడగాల్సిన పేరు అదే కదా. తెలుగు రావాల్సింది వాక్యంలో, వాడికి నువ్వు చెప్పే తీరులో.

మొదటి పేజీ తీసెయ్, సీరియల్ చరిత్ర మొత్తం. రిలే టక్కుమనకపోయిన నీ మొదటి రాత్రి నుంచి మొదలుపెట్టు, నాకు ఫోన్ చేసి చెప్పావే, వైరు వేడెక్కిందేమోనని పట్టుకుని చూసి పదకొండింటిదాకా కూర్చున్నానని, అది.

వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి కావలి దాకా వస్తున్నా. మారిస్తే సరే, మార్చకపోయినా రా. బోర్డు, ఆ రిలే మాడ్యూల్, డేటా పోయే యూఎస్‌బీ కేబుల్ తెచ్చుకో, చార్జింగ్‌ది కాదు.

మీ అన్న
ఒంగోలు