అడవిపంది మాంసం వాటా తీసుకున్నా కేసు పెడతారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక సవర గూడెం. అడవిపందులు మా వరి, కంద పంటలను నాశనం చేస్తున్నాయి. పోయిన నెల మా బావ వాళ్లు ఉచ్చు వేసి ఒకదాన్ని పట్టారు. వాటాగా మా ఇంటికీ మాంసం పంపారు. అటవీ సిబ్బంది వచ్చి వండిన కూరతో సహా తీసుకుపోయారు, నా పేరు రాసుకున్నారు. నేను వేటకు వెళ్లలేదు. పైగా మాకు పోడు పట్టా ఉంది. తాతల కాలం నుంచీ వేట మా హక్కు కాదా?

జవాబు: ముందు పట్టా సంగతి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగు భూమిపైనా చిన్నతరహా అటవీ ఉత్పత్తులపైనా హక్కు ఇచ్చింది, సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులనూ గుర్తించింది. కానీ ఆ చోటే వేటను, ఉచ్చులు పెట్టడాన్ని స్పష్టంగా మినహాయించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 65వ సెక్షన్ కాపాడింది నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కును మాత్రమే. మన్యంలో తరతరాలుగా ఉన్నవారికి ఇది అన్యాయమేనని నాకూ అనిపిస్తుంది. అయినా కోర్టులో ఆ వాదన నిలవదు.

అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షిత జంతువుల జాబితాలో, ఉంది. ఉచ్చు పెట్టినా, అందులో ఏమీ పడకపోయినా వేట కిందికే వస్తుంది. మీరు వెళ్లలేదన్నది మీకు కొంత మేలే, కానీ అంతటితో బయటపడలేరు. అక్రమంగా వేటాడిన జంతువు మాంసం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. అది మీ దగ్గర దొరికిందని రుజువైతే, సక్రమంగానే వచ్చిందని నిరూపించుకోవలసిన భారం 57వ సెక్షన్ మీ మీదే పెడుతుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే ఉచ్చులో ఉడుము పడి ఉంటే అది మొదటి షెడ్యూల్ జంతువు. శిక్ష కనీసం మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉండేది.

ఊరిపంది మాంసమని చెప్పమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మాంసాన్ని డీఎన్‌ఏ పరీక్షకు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు పంపవచ్చు.

అటవీ అధికారి పోలీసు కాదు కదా అని ఏది పడితే అది చెప్పకండి. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధీకృత అధికారి మీ సమక్షంలో నమోదు చేసిన వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. చదివించుకోకుండా సంతకమో వేలిముద్రో వేయకండి. 54వ సెక్షన్ కింద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలుంది. అధికారి ఆ మాట ఎత్తితే, ఒప్పుకునే ముందు న్యాయవాదిని అడగండి. కడితే రసీదు తప్పక తీసుకోండి.

పంట బాధకు చట్టంలోనే దారి ఉంది. జిల్లా అటవీ అధికారికి ఫొటోలతో, సర్వే నంబరుతో అర్జీ పెట్టండి. పంటకు ప్రమాదమని తేలితే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా వేటకు అనుమతించవచ్చు. అలా చంపినా మాంసం మీది కాదు, ప్రభుత్వానిదే. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే ఆలోచన మాత్రం వద్దు. మనిషి తగిలి చనిపోతే వచ్చే కేసు ముందు ఇది చాలా చిన్నది.

షెడ్యూల్డ్ తెగవారు కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా మీకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. నోటీసు వచ్చేదాకా ఆగవద్దు.