డ్రమ్స్‌కి క్యూ, హార్న్‌కి ఖాళీ

ప్రశ్న: మేం స్టాక్‌హోమ్ వచ్చి ఎనిమిది నెలలైంది. మావారికి కిస్టాలో ఉద్యోగం. వాళ్ళ ఆఫీసులో పక్క సీటాయన బాస్ గిటార్ వాయిస్తాడట, మేనేజరు డ్రమ్స్, అకౌంట్స్ ఆవిడ ఏదో కోరస్‌లో పాడుతుంది. ఇంత చిన్న దేశంలో ఇన్ని బ్యాండ్‌లేమిటండీ? వీళ్ళ రక్తంలోనే ఉందా? మూడో క్లాసు చదివే మా అబ్బాయి కూడా డ్రమ్స్ నేర్చుకుంటానని గొడవ. మావారేమో అబాకస్‌లో వేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అబాకస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రక్తం సంగతి.

పదహారేళ్ళ కిందట నేను వచ్చిన కొత్తలో ఇదే మాట మా పక్కింటి పెద్దాయన్ని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూపించి "చలి" అన్నాడు. నవంబరులో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడితే మనిషి ఇంకేం చేస్తాడు, గిటార్ పట్టుకుంటాడు అని ఆయన లెక్క. ఇక్కడ చాలామంది ఇదే చెబుతారు. చలే కారణమైతే మన లంబసింగి నుంచి ఈపాటికి నాలుగైనా బ్యాండ్‌లు రావాలి కదండీ.

కాకపోతే మీ ఆశ్చర్యంలో తప్పు లేదు. ఈ దేశం జనాభా కోటీ పై చిల్లర, అంటే అటూ ఇటూగా మన హైదరాబాద్ అంత. అందులోంచి అబ్బా, రాక్సెట్, యూరప్, ఏస్ ఆఫ్ బేస్, కార్డిగన్స్, హైవ్స్ అనే బ్యాండ్‌లు. గోథెన్‌బర్గ్ నుంచి ఇన్ ఫ్లేమ్స్ లాంటి మెటల్ గుంపులు, ఉత్తరాన ఊమియో నుంచి మెషుగ్గా. యూరోవిజన్ పాటల పోటీ 1974లో అబ్బా మొదటిసారి గెలిచింది మొదలు 2023 దాకా ఏడుసార్లు వీళ్ళ ఖాతాలోనే పడింది. (షాపులో చేపల ఊరగాయ సీసా మీద కూడా అబ్బా అని కనిపిస్తుంది. అది వేరే కంపెనీ, పాటల వాళ్ళది కాదు. నేను మొదట్లో వాళ్ళే చేపల వ్యాపారం కూడా చేస్తున్నారనుకున్నాను.)

మీ వారు రోజూ బ్లూ లైన్‌లో వెళ్తూ ఫ్రిడ్‌హెమ్స్‌ప్లాన్ స్టేషన్ దాటుతారు కదా. ఆ పైనే 1990లలో శీరాన్ అని ఓ స్టూడియో ఉండేది. డెనిజ్ పాప్ అనే డీజే పెట్టాడు. బ్రిట్నీ స్పియర్స్ తొలి హిట్, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పెద్ద పాటలు తయారైంది అక్కడే. వాటి వెనక ఉన్న మ్యాక్స్ మార్టిన్ స్టాక్‌హోమ్ పక్క పల్లె కుర్రాడు. అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళిన పాటలు ఇరవైకి పైగా రాశాడు. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇక అసలు సంగతి. నేను విజయనగరం దాన్ని. చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా "మీ ఊరి నీళ్ళలోనే సంగీతం ఉందండీ" అనేవారు. మాకూ గర్వంగానే ఉండేది, కాదనేవాళ్ళం కాదు. మరి ఘంటసాల పుట్టింది ఎక్కడ? కృష్ణా జిల్లాలో. మా నీళ్ళు తాగి గాయకుడు కాలేదు, గాయకుడవుదామని మా ఊరొచ్చి మా నీళ్ళు తాగాడు. ఎందుకు రావాలి? 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పేవారు. చేతిలో పైసా లేని కుర్రాడికి పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. జోలె పట్టి మధూకరం అడిగితే ఇన్ని మెతుకులు వేసే ఇళ్ళు ఉన్నాయి. పాఠం, తిండి, తలదాచుకునే చోటు. ఈ మూడూ తీసేస్తే మా ఊరి నీళ్ళు మామూలు నీళ్ళే. పి. సుశీల గారిది మా ఊరే, ఆవిడ కూడా ఆ కాలేజీలోనే చదివారు.

స్వీడన్‌లో జరిగింది కూడా అదే. కాకపోతే ఒక్క ఊళ్ళో కాదు, దాదాపు ప్రతి ఊళ్ళో. రెండో ప్రపంచయుద్ధం రోజుల నుంచి ఇక్కడి మునిసిపాలిటీలు పిల్లలకు సంగీతం స్కూళ్ళు పెట్టుకుంటూ వచ్చాయి. తర్వాత డాన్స్, నాటకం కూడా చేర్చి కుల్టూర్‌స్కూలా అని పేరు మార్చారు. దేశంలో ఉన్న 290 కమ్యూన్‌లలో, అంటే మునిసిపాలిటీలలో, దాదాపు అన్నిటిలోనూ ఉంది. ఫీజు కొన్నిచోట్ల అసలు లేదు, ఉన్నచోట టర్ముకి కొన్ని వందల క్రోనర్లు. మనవాళ్ళు ప్రైవేటు ట్యూషన్‌కి నెలకిచ్చేదానికంటే తక్కువే. వాయిద్యం కూడా వాళ్ళే అద్దెకిస్తారు. తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి ట్రంపెట్ ఇచ్చి ఇంటికి తీసుకెళ్ళమంటారు, కింద పడేస్తుందేమోనని మనకే టెన్షన్.

అయితే స్కూలు ఒక్కటే ఉంటే మంచి ఆర్కెస్ట్రాలు వస్తాయి, బ్యాండ్‌లు రావు. బ్యాండ్‌కి కావలసింది గది.

కాస్త ఆలోచించండి. పదహారేళ్ళ వాళ్ళు నలుగురు చేరారు. డ్రమ్స్ అపార్ట్‌మెంట్‌లో కొట్టలేరు, రెండో రోజుకే లిఫ్టు పక్కన చీటీ అంటిస్తారు. ఆంప్లిఫయర్ కొనలేరు. ఇక్కడ స్టూడీఫర్‌బుండ్ అని వయోజన విద్యా సంఘాలున్నాయి. కార్మికుల సంఘం ఏ.బి.ఎఫ్. 1912 నుంచి నడుస్తోంది, ఇలాంటివి ఇంకా చాలా. ప్రభుత్వం వీటికి గ్రాంటు ఇస్తుంది. ముగ్గురు మనుషులు చేరి, ఒకర్ని లీడర్ అనుకుని, వారం వారం కలిసి ఏదో ఒకటి నేర్చుకుంటే దాన్ని స్టడీ సర్కిల్ అంటారు. కుట్లు అల్లికలు కావచ్చు, స్పానిష్ కావచ్చు, రాక్ సంగీతం కావచ్చు. రాక్ అంటే వాళ్ళకి ఓ రెప్‌లొకాల్, అంటే రిహార్సల్ గది, తక్కువ అద్దెకో ఊరికేనో దొరుకుతుంది.

నేను వాటిలో ఒకటి లోపలికెళ్ళి చూశాను. మావారూ, వరంగల్ కుర్రాడొకడూ, తబలా వాయించే ఒకాయనా కలిసి ఉగాది ఫంక్షన్‌కి పాత పాటలు ప్రాక్టీస్ చేద్దామనుకున్నారు. ఫోన్ చేస్తే అవతలావిడ మూడే అడిగింది: ఎంతమంది, లీడర్ ఎవరు, ఏ రోజు. ఏం పాడతారు, ఎంత బాగా పాడతారు, గురువెవరు అని అడగలేదు. కారు టైర్లు మార్చే షెడ్డు కింద, కిటికీ లేని సెల్లార్. గోడలకి పాత తివాచీలు కొట్టారు. డ్రమ్ సెట్టుకి ఎన్ని చోట్ల టేపు చుట్టారో లెక్కలేదు. మూల కాఫీ ఫ్లాస్కు. తలుపు మీద టైమ్‌టేబుల్ కాగితం, అచ్చం ఇక్కడి అపార్ట్‌మెంట్లలో అందరూ బట్టలుతుక్కునే గది ట్వెట్‌స్టూగకి టైమ్ రాసుకున్నట్టే. మంగళవారం మనవాళ్ళకి ముందు స్లాటు నల్ల టీషర్టుల డెత్ మెటల్ వాళ్ళది. లోపల పులి గాండ్రించినట్టు అరుపులు. ఎనిమిది కొట్టగానే టక్కున ఆగాయి. నడుం దాకా జుట్టున్న ఓ పిల్లాడు తలుపు తెరిచి, మాకు దారిచ్చి, చాలా మెల్లగా చెప్పాడు, కాఫీ కప్పులు వాడాక కడిగి బోర్లించండి అని.

ఆ పిల్లలు బాగా వాయిస్తారా? లేదండీ. మా వాళ్ళు మరీ ఘోరం, తబలా ఒక దారి, కీబోర్డు ఒక దారి. నా మాట అక్కడే ఉంది. గొప్ప బ్యాండ్‌లు ఎక్కువగా ఉన్న దేశం అంటే చెత్త బ్యాండ్‌లు బోలెడు బతకగలిగే దేశం. హైవ్స్ వచ్చింది ఫాగెర్‌స్టా నుంచి. ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, జనం పన్నెండు పదమూడు వేలు. మన దగ్గర ఆ సైజు ఊళ్ళో కుర్రాడికి పాట వస్తే ఏం చేస్తాడు? పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు పాడతాడు, లేదా హైదరాబాద్ బస్సెక్కి టీవీ పోటీలో నిలబడతాడు. అక్కడ మొదటి నిమిషంలోనే జడ్జీలు. చౌరస్తా లాంటి ఒకటి రెండు బ్యాండ్‌లు సొంత పాటలు కట్టుకుని నిలబడ్డాయి, నాకు వాళ్ళంటే చాలా ఇష్టం. కానీ బాగా పేరొస్తే మళ్ళీ పిలుపు సినిమా నుంచే. మనకు టాలెంట్ తక్కువని ఎవరైనా అంటే పోట్లాడతాను. మనకు తక్కువైంది ఆ టైర్ల షెడ్డు కింది గది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. "గొప్ప బ్యాండ్‌లు" అని మనం లెక్కపెట్టేవి ఎక్కువగా ఇంగ్లిష్‌లో పాడేవి. స్వీడన్ టీవీలో ఇంగ్లిష్ సినిమాలు డబ్బింగ్ చేయరు, కింద అక్షరాలు వేస్తారు. చిన్నప్పటి నుంచీ చెవిలో ఇంగ్లిష్ పడుతూనే ఉంటుంది, పాట రాయడం వాళ్ళకి కష్టం కాదు. టర్కీలోనూ బ్రెజిల్‌లోనూ అద్భుతమైన బ్యాండ్‌లుంటాయి, మన లెక్కలోకి రావు. రాక్సెట్ కూడా అమెరికాకి ఎలా వెళ్ళిందనుకున్నారు? ఇక్కడ చదువుకోడానికి వచ్చిన ఓ అమెరికా కుర్రాడు వెళ్తూ వెళ్తూ వాళ్ళ రికార్డు పట్టుకెళ్ళి తన ఊరి రేడియో స్టేషన్‌లో ఇచ్చాడు. 1989లో అది అక్కడ మొదటి స్థానం. అదృష్టం అంటే అదీ. అయితే ఇవ్వడానికి రికార్డంటూ ఉండాలి కదా.

లండన్ నుంచి ఈ శీర్షిక చదివేవాళ్ళు మా బీటిల్స్ మాటేమిటంటారు. అక్కడ ఆ పని ఆర్ట్ స్కూళ్ళు చేశాయి. బీటిల్స్ జాన్ లెనన్ లివర్‌పూల్‌లో, రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ సిడ్‌కప్‌లో, ది హూ బ్యాండ్ పీట్ టౌన్షెండ్ ఈలింగ్‌లో చదివింది బొమ్మలే, కాని పెరిగింది గిటార్. పైగా 1960తో కుర్రాళ్ళని నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం ఆగింది. పద్దెనిమిదేళ్ళ వాడికి రెండేళ్ళు మిగిలాయి. జమైకాలోనైతే కింగ్‌స్టన్‌లో కేథలిక్ సిస్టర్లు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్ ఉండేది. దిక్కులేని పిల్లలకి బూరలిచ్చి నేర్పితే వాళ్ళలోంచి స్కా అనే జమైకా సంగీతం (రెగ్గేకి ముందుది) కట్టినవాళ్ళు వచ్చారు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు వాయిద్యం, చోటు, కాస్త తీరిక ఇచ్చారు.

ఇప్పుడు మీ అబ్బాయి. ఈ వారమే మీ కమ్యూన్ వెబ్‌సైట్‌లో కుల్టూర్‌స్కూలా క్యూలో పేరు పెట్టండి. మనవాళ్ళు "ముందు స్వీడిష్ రానీ" అని ఆగిపోతారు. వద్దు, భాష అక్కడే వస్తుంది. వలస వచ్చిన ఇళ్ళ పిల్లలు ఇందులో తక్కువ చేరుతున్నారని ఇక్కడి సర్కారు నివేదికలే ఒప్పుకుంటాయి. ఇలాంటిది ఒకటుందని మనకి ఎవరూ చెప్పకపోవడం సగం కారణం. టర్ములు ఆగస్టు చివర, జనవరిలో మొదలవుతాయి. డ్రమ్స్, గిటార్, పియానోలకి క్యూ పొడుగు, ఏళ్ళు కూడా పట్టొచ్చు. హార్న్, ఓబో, వయోలాలకి చాలాచోట్ల వెంటనే దొరుకుతుంది.

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పాలి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు డ్రమ్స్‌కి పెట్టాం. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది, డ్రమ్స్ ఖాళీ లేదు, హార్న్ ఉంది, కావాలా అని. ఆ మెలికలు తిరిగిన ఇత్తడి గొట్టం చూసి, మా ఊరి పెళ్ళి బ్యాండుమేళం గుర్తొచ్చి, "ఇదేం వాయిద్యం, ఆడపిల్లకి" అని నేనే వద్దని రాసేశాను. పిల్లనడగలేదు. ఏడాదిన్నర ఊరికే పోయింది. తర్వాత తెలిసింది, మ్యాక్స్ మార్టిన్ ఊరి సంగీతం స్కూల్లో నేర్చుకున్నది ఆ హార్నే. తనకు ఇంత వచ్చిందంటే ఆ సర్కారీ స్కూలు పుణ్యమేనని ఆయన పలుమార్లు చెప్పాడు. రెండోసారి ఉత్తరం వచ్చినప్పుడు నోరు మూసుకుని సంతకం పెట్టాను.

స్టాక్‌హోమ్‌లో అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ సంగీత తరగతులని నాలుగో క్లాసు నుంచి ఉన్నాయి, పాడించి చూసి తీసుకుంటారు, ఫీజు లేదు. మీ వాడు పాడతాడనుకుంటే ప్రయత్నించండి, టైమ్ దగ్గర్లోనే ఉంది. దానికి కోచింగ్ ఎక్కడిస్తారని మాత్రం నన్నడగకండి, ఇప్పటికే ముగ్గురు అడిగారు.

మీ వారికి కూడా ఓ మాట. ఆ పక్క సీటాయన "మా ప్రాక్టీస్‌కి రా" అంటే వెళ్ళమనండి. ఫీకాలో, అంటే ఆఫీసు కాఫీ విరామంలో, కాఫీ తాగుతూ రెండేళ్ళలో కాని స్నేహం గదిలో రెండు నెలల్లో అవుతుంది. కాకపోతే ఆలస్యం చేయకండి. 2024 నుంచి ప్రభుత్వం ఈ సంఘాల గ్రాంటులో కోత పెడుతోంది, గదులు తగ్గుతున్నాయి. మావాళ్ళ టైర్ల షెడ్డు గది కూడా పోయింది, ఇప్పుడు ఇంకో బ్యాండ్‌తో కలిసి వంతులేసుకుంటున్నారు. చలి ఎప్పట్లాగే ఉంది, చలికి మాత్రం ఎవరూ కోత పెట్టలేదు. పది ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడి నుంచి ఏ బ్యాండ్‌లొస్తాయో చూద్దాం, అప్పుడు తేలుతుంది చలి గొప్పదో గది గొప్పదో.

అబాకస్ శనివారం ఉదయం, కుల్టూర్‌స్కూలా మామూలు రోజుల్లో సాయంత్రం. రెండూ కుదురుతాయి, ఇంట్లో గొడవ పడకండి.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు. హార్న్ పక్కన పెట్టి, స్నేహితురాళ్ళతో బ్యాండ్ అంటూ బాస్ గిటార్ పట్టుకుంది. వాళ్ళకున్న మూడు పాటల్లో రెండు నాకు ఒకేలా వినిపిస్తాయి. వచ్చే శుక్రవారం ఇక్కడి ఫ్రిటిడ్స్‌గోర్డ్‌లో, అంటే కుర్రాళ్ళు చేరే క్లబ్బులో, వాయిస్తున్నారు, మీ అబ్బాయిని తీసుకుని రండి. తలుపు దగ్గర డబ్బాలో చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు ఉంటాయి, ఊరికే ఇస్తారు. మొహమాటపడకుండా ముగ్గురూ తీసుకోండి.