స్పెయిన్‌లో ఒక కుటుంబంతో కలిసి ఉంటే స్పానిష్ నిజంగా వస్తుందా?

వైజాగ్ నుంచి వెళ్ళి మూడు నెలలు ఒక స్పానిష్ కుటుంబం ఇంట్లో ఉంటే భాష వస్తుందా, పెట్టిన ఖర్చు దండగ కాదు కదా, శాకాహారులకి తిండి ఎలా అని అడిగారు. నేను స్పెయిన్‌లోని సలమాంకా అనే ఊళ్ళో ఒక పెద్ద వయసు దంపతుల ఇంట్లో ఉండి నేర్చుకున్నాను. తప్పకుండా వస్తుంది, ఆ ఇంట్లో మీరు ఇంటి మనిషిలా మసిలితే. గదిలో తలుపేసుకుని హోంవర్క్ చేసుకుంటే మాత్రం హాస్టల్లో ఉన్నా అక్కడ ఉన్నా ఒకటే.

ఉక్కునగరంలో పెరిగినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో పక్కన బీహార్ వాళ్ళు, పైన బెంగాలీలు ఉండేవాళ్ళు. మాలో చాలామందికి హిందీ బడిలో కంటే పక్కింటి ఆంటీ వంటింట్లోనే ఎక్కువ వచ్చింది.

అలాగని ఓనమాలు అక్కడ దిద్దుదామని వెళ్ళకండి. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే మామూలు షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, అంతకు మించితే విద్యార్థి వీసా తీసుకోవాలి. ఉన్న 90 రోజుల్లో ఒక నెల అంకెలకీ, వారాల పేర్లకీ, క్రియారూపాలకీ పోతే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ బట్టీ పని ఎంవీపీ కాలనీలో మీ గదిలో కూర్చుని చేసుకోవచ్చు. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ, ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్, ఆన్‌లైన్‌లోనూ క్లాసులు చెబుతుంది. ఏ2 స్థాయి, అంటే చిన్న చిన్న మాటలతో రోజువారీ పనులు నెట్టుకొచ్చే మెట్టు, పూర్తి చేసి విమానం ఎక్కండి.

మన తెలుగువాళ్ళకి కలిసొచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి. స్పానిష్‌లో అచ్చులు ఐదే, అ ఎ ఇ ఒ ఉ, రాసినట్టే పలుకుతాయి. వాళ్ళ ‘త’, ‘ద’ పళ్ళకి నాలుక ఆనించి పలికేవే, కాబట్టి ఇంగ్లీషువాళ్ళు పడే తిప్పలు మనకి ఉండవు. ‘వస్తాను’ అంటే ‘నేను’ అని వేరే చెప్పక్కర్లేనట్టే అక్కడా క్రియ చివరే ఎవరన్నది చెప్పేస్తుంది. ‘నాకు కాఫీ ఇష్టం’, ‘నాకు తల నొప్పిగా ఉంది’ అనే వరసలోనే వాళ్ళూ చెబుతారు. ఇంగ్లీషులో అనుకుని స్పానిష్‌లోకి మార్చే అలవాటు మాత్రం మొదటి రోజే వదిలేయండి, తెలుగులో ఆలోచిస్తేనే దగ్గర దారి. కష్టమంతా వస్తువులకి కూడా ఆడ, మగ ఉండటంతోనూ, ‘ఉండు’ అనడానికి సేర్, ఎస్తార్ అని రెండు క్రియలు ఉండటంతోనూ. అది రోజూ వింటే తప్ప పట్టుబడదు.

ఇక ఇంట్లో సంగతి. ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి. వెళ్ళిన రోజే తనని ‘నువ్వు’ అనమన్నారు. అంత పెద్దావిడని అలా పిలవడానికి మనకి నోరు రాదు. కానీ స్పెయిన్‌లో ఇళ్ళలో అదే చనువు, అదే మర్యాద. ‘మీరు’ రూపం పట్టుకుని వేలాడితే వాళ్ళకీ ఎడంగా ఉంటుంది, మీకూ రోజూ వాడాల్సిన సగం క్రియారూపాలు నోటికి రావు.

నాకు భాష వచ్చింది వంటింట్లోనే. వారంలో ఒకటి రెండు రాత్రులు బంగాళదుంపల అట్టు వేసేవారు, తోర్తీయా అంటారు. దుంపలు, ఉల్లిపాయలు పల్చగా తరిగి, ఆలివ్ నూనెలో సన్నసెగ మీద మెత్తబడేదాకా మగ్గించి, నూనె వంపేసి, గిలకొట్టిన గుడ్లలో కలిపి మళ్ళీ పెనంలో పోస్తారు. అడుగు గట్టిపడ్డాక పెనం మీద కంచం బోర్లించి ఒక్కసారి తిరగేయాలి. ‘పట్టుకో’, ‘ఆగు’, ‘ఇప్పుడు తిప్పు’, ‘అది నాకివ్వు’. క్లాసులో వారం పాటు చెప్పిన ఆజ్ఞార్థక రూపాలు ఆ పెనం ముందు వెంటనే వంటబట్టాయి, ఎందుకంటే అర్థం కాకపోతే అట్టు నేల మీద ఉంటుంది. కాబట్టి వాళ్ళు వద్దన్నా ఉల్లిపాయలు తరగండి, బల్ల సర్దండి, బజారుకి సంచి పట్టుకుని వెంట వెళ్ళండి. సాయంత్రం టీవీలో వాతావరణ వార్తలు వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. రోజూ అవే మాటలు కాబట్టి చెవికి మొదట దొరికేవి అవే.

అక్కడ మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటల మధ్య. తినగానే ఎవరూ లేవరు. బల్ల దగ్గరే కూర్చుని చాలాసేపు కబుర్లు చెప్పుకుంటారు, చుట్టాలు, ఎన్నికలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ వస్తాయి. మొత్తం రోజులో విలువైన గంట అదే. చలికాలంలో స్పెయిన్ మన కంటే నాలుగున్నర గంటలు వెనక. అంటే వాళ్ళ మూడు మనకి ఏడున్నర. సరిగ్గా ఇంట్లో అమ్మా నాన్నా తీరిగ్గా కూర్చుని వీడియో కాల్ చేసే సమయం! వెళ్ళక ముందే వాళ్ళకి వేరే టైమ్ చెప్పి పెట్టండి. బెంగ ఉంటుంది, నాకూ ఉండేది, అయినా ఆ గంట వదులుకోవద్దు.

తిండికి టెన్షన్ పడకండి గానీ, ‘శాకాహారిని’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. పప్పు వండినా అందులో చోరీసో అనే పంది మాంసపు సాసేజ్ ముక్కలు వేసే అలవాటు. సలమాంకా దగ్గరే ఉన్న ‘గిహువేలో’ అనే ఊరు హామోన్‌కి, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ మాంసానికి, పేరుమోసింది, ఆ ప్రాంతపు ఇళ్ళలో హామోన్ మన పోపులా దేంట్లోనైనా పడుతుంది. మాంసం, చేప, హామోన్, చోరీసో, ఎముకలు మరిగించిన సూప్, ఇలా ఒక్కొక్కటీ పేరు పెట్టి ముందే రాసి పంపండి. గుడ్డు తింటే చాలా తేలిక. తినకపోతే పప్పు, ‘పీస్తో’ అనే కూరగాయల కూర, రొట్టె, చీజ్‌తో గడిచిపోతుంది. కందిపొడి పట్టుకెళ్ళండి.

డబ్బు కట్టే ముందు, ఇల్లు కుదిర్చే స్పానిష్ స్కూల్‌ని ఇవి అడగండి. భోజనం రెండు పూటలా, మూడు పూటలా? పొయ్యి వాడుకోనిస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఇంట్లో ఇంకా విద్యార్థులు ఉంటారా? ముగ్గురు విదేశీ విద్యార్థులున్న ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నడిచేది ఇంగ్లీషే. అలాంటి ఇల్లు ఇస్తే వద్దని చెప్పి, కాస్త ఎక్కువైనా ఒక్కరినే ఉంచుకునే ఇల్లు అడగండి. వెళ్ళాక ఆ ఇల్లు కుదరకపోతే మొదటి వారంలోనే స్కూల్‌కి చెప్పేయండి, వేరే ఇల్లు చూపిస్తారు.