ఇడ్లీపిండి గిన్నె పట్టే ఫ్రిజ్

రాజమహేంద్రవరం

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెదనాన్నగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది, సాయంత్రాలు గోదావరి గట్టు దాకా నడుస్తున్నారు.

కొత్తింటికోసమని నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ఫ్రిజ్‌ల ఫొటోలూ చూశాను. "ఏది బాగుందో ఒక్కమాట చెప్పు పెద్దమ్మా" అన్నావు. ఒక్కమాటతో తేలేది కాదే, అందుకే కాగితం తీశాను. చూడ్డానికి మూడూ బాగానే ఉన్నాయి. బీరువాలాగా రెండు తలుపులు నిలువునా తెరుచుకునేది మరీ దర్జాగా ఉంది. కానీ ఆ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఇడ్లీపిండి గిన్నె కనపడలేదు. ఒక్కో అరలో నాలుగు యాపిల్ పళ్లు, ఓ కేకు ముక్క, నారింజరసం సీసా. మన ఇళ్లలో అలాంటి ఫ్రిజ్ నేనైతే చూడలేదు.

మీ ఇంట్లో నలుగురు. ఆదివారం రుబ్బిన పిండి, పాల ప్యాకెట్లు, పెరుగు గిన్నె, నిన్నటి పప్పు, మొన్నటి సాంబారు, నాలుగు కట్టల ఆకుకూర, వాడగా మిగిలిన కొబ్బరిచిప్ప, అల్లం వెల్లుల్లి ముద్ద, మీ అత్తగారి ఇన్సులిన్, పిల్లాడి చాక్లెట్లు. ఎండాకాలం వస్తే వీటికి తోడు అరడజను నీళ్ల సీసాలు. శ్రావణమాసంలో తమలపాకులూ పూలూ. ఇదంతా ముందు ఓ కాగితం మీద రాసుకో. గిన్నెలన్నిట్లో పెద్దదేదో చూసి దాని వెడల్పూ ఎత్తూ టేపుతో కొలువు. లీటర్ల సంగతి ఆ తరవాత చూద్దాం.

పోయినేడు మా పాత ఫ్రిజ్ మూలపడ్డప్పుడు నేనేం చేశానో తెలుసా? పిండి గిన్నెని మూతతో సహా గోనెసంచిలో పెట్టుకుని షాపుకి పట్టుకెళ్లాను. మీ పెదనాన్నగారు సిగ్గుపడి నాలుగడుగులు దూరంగా నుంచున్నారు. అక్కడి కుర్రాడు 340 లీటర్లది చూపించి, మా ఇద్దరికీ ఇది చాలా ఎక్కువని నవ్వాడు. గిన్నె తీసి అరలో పెట్టబోతే మూత పై అద్దానికి తగిలి ఆగింది. అంగుళం తక్కువైంది. వాడు వెంటనే పై అద్దం తీసి ఒక మెట్టు పైకి ఎక్కించాడు. గిన్నె పట్టింది. ఇప్పుడు ఆ పై అరలో పెరుగు గిన్నె పట్టదు! అప్పుడు నవ్వడం మానేసి వాడే పక్కనున్న ఇంకో ఫ్రిజ్ తెరిచి చూపించాడు. లీటర్లు దానికంటే తక్కువే. అరల మధ్య ఎడం మాత్రం మన గిన్నెలకి సరిపోయింది. అదే తెచ్చుకున్నాం.

ఇంకోటి. పైన రాసే లీటర్లలో ఫ్రీజర్ కూడా కలిసే ఉంటుంది. ఫ్రీజర్ ఎంత, కింద ఎంత అని విడివిడిగా అడుగు. మీరు నెలకి రెండుసార్లు చేపలో రొయ్యలో తెచ్చుకుంటారు. ఆ మాత్రానికి గదంత ఫ్రీజర్ ఏం చేసుకుంటావు?

ఇక నీ మూడు ఫొటోలు. మొదటిది, రెండు తలుపులు పక్కపక్కన ఉన్నది. మూడడుగుల వెడల్పు చూసి మురిసిపోకు. మధ్యలో గోడ ఉంటుంది. ఒకవైపంతా నిలువునా ఫ్రీజర్, ఇటువైపు ఫ్రిజ్. లోపల కొలిస్తే ఈ ఫ్రిజ్ వైపు వెడల్పు మామూలు రెండడుగుల ఫ్రిజ్‌లో ఉండేదానికంటే గొప్పగా ఏమీ ఉండదు. ఫ్రీజర్ వైపు ఇంకా సన్నం, పళ్లెం అడ్డంగా పెట్టలేం. దీన్ని తీసిపారేయడం కూడా నా ఉద్దేశం కాదు. ఒక్కో తలుపు చిన్నది కాబట్టి తెరవడానికి ముందు చోటు తక్కువ చాలు. మాంసం, చేప నెలకి సరిపడా తెచ్చి నిలవ పెట్టుకునేవాళ్లకీ, ఊరినుంచి పులస వస్తే నలుగురి వాటా దాచాల్సిన ఇళ్లకీ అది ఉపయోగమే. మీకు కాదు.

రెండోది, పైన రెండు తలుపులు, కింద ఫ్రీజర్ ఉన్నది. పై అర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. వ్రతం రోజు ప్రసాదం పళ్లెం పళ్లెంలా లోపలికి పోతుంది. చెప్పొద్దూ, నాకూ అది నచ్చింది. కానీ ధర చూశావుగా. వంటింటి చెక్కపనికి ఇప్పటికే ఎంత పోశారో మీ అమ్మ చెప్పింది.

మూడోది మామూలు రెండు తలుపులది, ఫ్రీజర్ పైన. ముప్పైయేళ్లుగా నేను వాడినదదే. అందుకే దాని కష్టం నాకు బాగా తెలుసు. ఫ్రీజర్ కళ్లకెదురుగా ఉంటుంది, దాన్ని రోజుకి ఒకసారి తీస్తే గొప్ప. కూరగాయల డబ్బా కాళ్ల దగ్గర ఉంటుంది, దానికోసం పూటకి నాలుగుసార్లు వంగాలి. రెండు పచ్చిమిరపకాయలకీ, రెబ్బ కరివేపాకుకీ వంగి వంగి నా నడుం ఏమైందో చూస్తూనే ఉన్నావు. మీ అత్తగారికి మోకాళ్లు బాగోలేవు, నువ్వు ఆఫీసుకెళ్తే పగలంతా వంటింట్లో ఆవిడే. అందుకని నేను చెప్పేది, నువ్వు ఫొటో పంపని నాలుగో రకం చూడు. అదే రెండు తలుపులది, ఫ్రీజర్ కింద. పాలు, పెరుగు, కూరలు చేతికందే ఎత్తులో ఉంటాయి. కూరగాయల డబ్బా కూడా ఇంచుమించు నడుం ఎత్తుకొస్తుంది. వంగేది ఐసుకోసం మాత్రమే. షాపుల్లో ఈ రకం తక్కువ పెడతారు, అడిగితేగానీ చూపించరు. 300 నుంచి 350 లీటర్ల మధ్యలో అయితే మీకు సుఖంగా సరిపోతుంది.

ఒకటే తలుపున్న చిన్న ఫ్రిజ్‌ల గురించి అడగలేదు కానీ ఓ ముక్క చెప్తాను. మా మొదటిది అదే, 165 లీటర్లది, 1986లో కొన్నాం. వంటింట్లో కాదు, హాల్లో పెట్టి పైన లేసు గుడ్డ కప్పేదాన్ని! వీధిలో ఎవరింట్లో చుట్టాలొచ్చినా ఐసుకి మా ఇంటికే వచ్చేవాళ్లు. ఓసారి ఫ్రీజర్‌లో పేరుకున్న ఐసుని కూరగాయల కత్తితో పొడిచాను. బుస్సుమంది. గ్యాసంతా పోయింది. రిపేరుకి అయిన ఖర్చు మీ పెదనాన్నగారు ఇప్పటికీ గుర్తు చేస్తారు. ఇప్పటి ఐసు పేరుకోని రకాల్లో ఆ బాధ లేదు, లోపల ఫ్యాను గాలి తిప్పుతుంది. ఆ గాలికే మూతలేని గిన్నెలో అన్నం పైన అట్టకట్టినట్టు ఎండిపోతుంది. కొత్తిమీర కూడా విడిగా పడేస్తే రెండురోజుల్లో వడలిపోతుంది. కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టు.

ఇప్పుడు అసలు చిక్కు, ఎక్కడ పెడతావన్నది. ఏ ఫ్రిజ్ అన్నదానికంటే దీనిమీదే ఎక్కువ ఆలోచించు. బిల్డరు వదిలిన గూడు పొయ్యి పక్కనే ఉందని అన్నావు. అక్కడ వద్దు. పొయ్యి వేడి తగులుతుంటే ఫ్రిజ్ మోటారు ఆగకుండా తిరుగుతుంది, పోపు నూనె తుంపర్లు తలుపంతా పడతాయి. వంటగట్టుకి అటు చివర, వాష్‌ ఏరియా గుమ్మం పక్కన ఖాళీ గోడ ఉంది చూడు, అక్కడైతే కూరలు కడిగే సింకుకి దగ్గర, పొయ్యికి దూరం. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని మీ మామగారు అంటారేమో. అడిగి చూడు, అదృష్టం కొద్దీ ఆ గోడ వాయవ్యంలో ఉంది.

కొనకముందు ఆ చోట ఓ పని చెయ్యి. ఫ్రిజ్ వెడల్పు, లోతు చూసుకుని పాత న్యూస్ పేపర్లు అంత కొలతకి నేలమీద పరువు. పక్కలకి రెండేసి అంగుళాలు, వెనక బెత్తెడు వదులు. ఈ రోజుల్లో చాలా ఫ్రిజ్‌లకి పక్కగోడలే వేడెక్కుతాయి, ముట్టుకుంటే తెలుస్తుంది. గోడకి ఆనించి ఇరికిస్తే ఆ వేడి పోయే దారుండదు. తరవాత తలుపు ఎటు తెరుచుకుంటుందో సుద్దముక్కతో అర్ధచంద్రం గీయి. ఆ గీత లోపల నువ్వు నుంచుని, మీ అత్తగారిని వెనకనుంచి చారుగిన్నె పట్టుకుని దాటమను. ఢీకొంటే చోటు మార్చాల్సిందే. తలుపు కీలు గోడవైపు వస్తే ఇంకో తిప్పలుంది. తలుపు తొంభై డిగ్రీలు దాటి తెరుచుకోకపోతే కూరగాయల డబ్బా పూర్తిగా బయటికి రాదు. అలాంటి చోట గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య ఇంకాస్త ఎక్కువ వదలాలి. వంటగట్టు లోతు రెండడుగులే కదా. ఫ్రిజ్ దానికంటే ముందుకి పొడుచుకొస్తుంది, అది మామూలే, కంగారు పడకు.

వడ్రంగి చెక్కపని మొదలుపెట్టకముందే ఫ్రిజ్ ఏదో తేల్చెయ్. చాలామంది అల్మరాలన్నీ బిగించాక ఫ్రిజ్‌కి వెళ్తారు. పైన అల్మరా ఉంటే ఫ్రిజ్ నెత్తికీ దానికీ మధ్య కూడా గాలి ఆడాలి. ప్లగ్గు సరిగ్గా ఫ్రిజ్ వెనక పెట్టించకు, స్విచ్చి ఆపాలంటే ఫ్రిజ్ లాగాల్సొస్తుంది. పక్కగా, చేతికందే ఎత్తులో పెట్టమను. ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు.

ఇక లోపలికి తెచ్చే దారి. మీ అన్నయ్య బెంగళూరులో ఇలాంటి రెండు తలుపుల బీరువానే కొన్నాడు. లిఫ్టు పట్టింది, వీధిగుమ్మం దాటింది. వంటింటికెళ్లే నడవలో మలుపు దగ్గర ఆగిపోయింది. నలుగురు కుర్రాళ్లు అటూ ఇటూ వంచి చూశారు. తలుపులు ఊడదీస్తే వారంటీ ఏమవుతుందోనని మీ వదిన ఒప్పుకోలేదు. ఇప్పటికీ అది హాల్లో టీవీ పక్కనే ఉంది. భోజనాలప్పుడు మజ్జిగ కావాలంటే ఎవరో ఒకరు హాల్లోకి నడవాలి. మా 1986 ఫ్రిజ్ లాగే అయ్యిందిరా అని నేనంటే వాడికి కోపం! నువ్వు మాత్రం లిఫ్టు, గుమ్మం, నడవ, మలుపు నాలుగూ కొలువు.

కరెంటు సంగతి. స్టార్ల చీటీ మీద నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకు, ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె వేసి ఉంటుంది, అది చూడు. పెద్దదానికి మూడు నక్షత్రాలు, చిన్నదానికీ మూడే ఉండొచ్చు, కానీ యూనిట్లు ఒకటి కావు. ఫ్రిజ్‌కి అతికించిన చీటీలో క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. టీ అంటే 43 డిగ్రీల వేడి దాకా పనిచేసేది, ఎన్ అంటే 32 దాకానే. మే నెల మన ఎండలకి ఏది కావాలో చెప్పక్కర్లేదు. కరెంటు పోతే తలుపు తీయకు, మూసి ఉంచితే నాలుగు గంటలు ఏమీ కాదు.

ఫ్రిజ్ వచ్చాక పాల ప్యాకెట్లు తలుపులో పెట్టే అలవాటు మానుకో. తెరిచినప్పుడల్లా ముందు వేడెక్కేది తలుపే. పాలు లోపలి అరలో, పచ్చిమాంసం అన్నిటికంటే కింది అరలో కారకుండా డబ్బాలో. మీ అత్తగారి ఇన్సులిన్ వెనక గోడకి తగలకుండా మధ్య అరలో పెట్టు, గడ్డకడితే ఇక పనికిరాదు. మల్లెపూల దండ మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టు. నేనోసారి ఊరికే పెట్టేసి, మర్నాడు మల్లెపూల వాసనొచ్చే పెరుగు తిన్నాం.

మాఘమాసంలో గృహప్రవేశానికి రెండురోజుల ముందే వస్తాం. ఈలోగా పేపర్లు పరిచి, సుద్ద గీసి ఫొటో పంపు. ఫొటోలో పక్కన పిండి గిన్నె కూడా పెట్టు, నాకు అంచనా తెలుస్తుంది. మీ అత్తగారినీ మామగారినీ అడిగానని చెప్పు. పిల్లాడికి ముద్దులు.

ఇట్లు
పెద్దమ్మ