జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి మీరే దరఖాస్తు చేసుకోవచ్చు

మాస్టారూ, ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి పల్లెలో పదమూడేళ్లుగా లెక్కలు చెబుతున్నా పైవాళ్లు మీ పేరు పంపలేదని, ఇక జాతీయ పురస్కారానికి దారి లేదని రాశారు. దారి ఉంది. 2018 నుంచి ఉపాధ్యాయులే కేంద్ర విద్యాశాఖ పోర్టల్‌లో నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిటీల వడపోత. రెగ్యులర్ ఉద్యోగం, పదేళ్ల సర్వీసు ఉండాలి. ప్రైవేటు ట్యూషన్లు చెప్పి ఉండకూడదు.

అసలు కష్టం ఆధారాలు కూర్చడంలోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలకు జీడిగింజల కుప్పలతో భిన్నాలు నేర్పానన్నారే, అదే మీ బలం. ఆ పాఠం ఫోటోలు, రెండు భాషల్లో మీరు రాసిన పదాల పట్టిక, పాఠానికి ముందూ వెనుకా పిల్లలు రాసిన జవాబు పత్రాలు పెట్టండి. దరఖాస్తుతో పెట్టే వీడియోలో మీకంటే పిల్లలే ఎక్కువ మాట్లాడాలి. శాలువా సన్మానాల ఫోటోలు మాత్రం వద్దు, వాటితో ఎవరూ లెక్కలు నేర్చుకోలేదు!

పురస్కారం సొమ్ముతో బడికి ప్రయోగశాల కొంటానన్నారు. వచ్చేది 50,000 రూపాయలు, వెండి పతకం. బడిలో ప్రయోగశాలకైతే నీతి ఆయోగ్ వారి అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు తమ చేతులతో పరికరాలు తయారుచేస్తూ నేర్చుకునే ప్రయోగశాల) పథకం వేరే ఉంది. అందులో ఎంపికైన బడులకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చారు. అది పాఠశాల పేరుతో పెట్టాల్సిన దరఖాస్తు కాబట్టి దానికి మాత్రం మీ ప్రధానోపాధ్యాయుడిని ఒప్పించక తప్పదు.