పాత కోల్ట్ రివాల్వర్‌ను కాల్చవచ్చా, భద్రపరచాలా?
తొలినాటి పూత, విడిభాగాలు చెక్కుచెదరని పాత కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌ను కాల్చకుండా భద్రపరచడమే సరైనది. కాల్చాలనుకునేవారికి అదే నమూనాలో ఇటీవల తయారైనవి దొరుకుతాయి. సంగ్రాహకులు ఎక్కువ ధర చెల్లించేది ఆ పూతకే, అది ఒకసారి అరిగితే తిరిగి రాదు. తూటాలు పెట్టే సిలిండర్‌ను ఊరికే తిప్పినా దాని చుట్టూ సన్నని గీత పడుతుంది. పైగా 1873లో నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) తూటాల కోసం వచ్చిన ఈ నమూనాకు నేటి తూటాల్లో వాడే పొగరాని తుపాకిమందు పనికొస్తుందని తయారీదారు హామీ ఇచ్చింది 1900 ప్రాంతంలోనే కనుక, 1880ల నాటి తుపాకిలో నేటి తూటా వేస్తే సిలిండర్ పగిలే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడు కాల్చకపోతే తుప్పు పడుతుందన్నది అపోహ. తుప్పుకు కారణం తేమ, వేలిముద్రల చెమట. అందుకే పలుచగా నూనె రాసి, తేమను పట్టి ఉంచే తోలు ఒరలో కాక పొడిచోట ఉంచాలి. మెరుపు కోసం మళ్లీ పాలిష్ చేయించడం మాత్రం, దయచేసి, వద్దు.