సర్టిఫికెట్లకు ముందు నాన్నగారి కాటా పుస్తకం

ప్రశ్న: మాది కాశీబుగ్గ. శ్రీకాకుళంలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాను. నాన్న పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా. ప్రొడక్ట్ కంపెనీలో చేరాలని నా కోరిక. ఎజైల్, స్క్రమ్, డెవాప్స్ రాకపోతే ఇంటర్వ్యూకే పిలవరని, 25 వేలు కడితే మూడు సర్టిఫికెట్లూ ఇప్పిస్తామని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అంటున్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కూడా వాళ్లే ఇస్తారట. చేరమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ 25 వేలు నాన్నగారి దగ్గరే ఉండనీ. ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో, వాడేవాళ్ల మాట వింటూ తయారుచేసే తీరు. స్క్రమ్ అందులో ఒక పద్ధతి. రాసిన కోడ్‌ను పరీక్షించి వాడకంలోకి పంపే పని వీలైనంత దానంతటదే జరిగేలా చూసుకోవడం డెవాప్స్. స్క్రమ్ గైడ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పదిహేను పేజీలు దాటదు. ఆదివారం భోజనమయ్యాక మొదలుపెడితే టీ వేళకి అయిపోతుంది. నెలకు మించని గడువు పెట్టుకోవాలి, ఆలోపు వాడుకోదగ్గది ఒకటైనా పూర్తి చేయాలి, రోజూ పావుగంట కలిసి మాట్లాడుకోవాలి, చివర్లో చూపించి తప్పొప్పులు తేల్చుకోవాలి. సారం అదే. ఒక్క టీమ్‌లోనూ పనిచేయకుండా, టీమ్ చేత ఈ పద్ధతి పాటింపజేసే స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం నాగావళి గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టే.

ఈ పద్ధతులు ఎందుకు పుట్టాయో మాత్రం తెలుసుకో. అవసరాలన్నీ ముందే రాసుకుని, డిజైన్ చేసి, కోడ్ రాసి, ఆఖర్న పరీక్షించే వరుసను 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఒక వ్యాసంలో బొమ్మ గీసి చూపించాడు. అలా ఒకే ఊపున కిందికి దిగితే ప్రమాదమని, కొత్త రకం సాఫ్ట్‌వేర్ అయితే రెండుసార్లు చేయాలని కూడా అందులోనే రాశాడు. జనం బొమ్మ పట్టుకున్నారు, హెచ్చరిక వదిలేశారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్ అనే చోట 17 మంది కూర్చుని ఎజైల్ మ్యానిఫెస్టో అనే ప్రకటన రాశారు. కాగితాల కట్టల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కీ, ఒప్పందం మీద వాదించుకోవడం కంటే వాడేవాళ్లతో కలిసి పనిచేయడానికీ విలువివ్వాలన్నారు.

ఆ బొమ్మ దెబ్బ నేనూ తిన్నాను. తొలి ఉద్యోగంలో ఒక ఆసుపత్రికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పద్నాలుగు నెలలు రాశాం. పెట్టిన నెలకి వెళ్లి చూస్తే కౌంటర్‌లో ఉన్నావిడ కీబోర్డు కింద పొడుగాటి నోటుపుస్తకం! పేరు, వయసు నింపకపోతే మా స్క్రీన్ ముందుకు కదలదు. అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వస్తే పేరెవరు చెబుతారు? ఆవిడ పక్కన ఒక్క రాత్రి కూర్చుని ఉంటే మాకు తెలిసేది. పద్నాలుగు నెలల్లో ఒక్కరమూ కూర్చోలేదు.

నీకు ఆ అవకాశం ఇంట్లోనే ఉంది. పొట్టు తీసే ఆడవాళ్లకు కిలో లెక్కన కూలి కదా, ఆ తూకాలు రాసే పుస్తకం నాన్నగారి చేతిలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ లేకుండా నాలుగు సాయంత్రాలు కాటా పక్కన కూర్చో. ఎక్కడ కొట్టేసి మళ్లీ రాస్తున్నారో, ఎవరొచ్చి ‘నిన్నటిది వెయ్యలేదు’ అంటున్నారో రాసుకో. ‘యాప్ చేస్తే వాడతావా నాన్నా?’ అని మాత్రం అడక్కు. కూతురు అడిగితే ఏ తండ్రైనా వాడతాననే అంటాడు. ‘కిందటిసారి లెక్క ఎక్కడ తేడా వచ్చింది?’ అని అడుగు.

తర్వాత రెండు వారాల్లో ఒక్క స్క్రీన్ తయారుచెయ్: పేరు, తూకం, అంతే. లాగిన్ వద్దు, రంగుల గ్రాఫులు వద్దు. మినిమం వయబుల్ ప్రొడక్ట్ అని పెద్ద పేరు పెట్టారు గానీ విషయం ఇదే. అమెరికాలో చెప్పులమ్మే జాపోస్ అనే సైట్ మొదలైనప్పుడు గోడౌన్ లేదు. దుకాణంలో చెప్పుల ఫొటోలు తీసి సైట్‌లో పెట్టారు, ఆర్డరొస్తే ఆ దుకాణంలోనే కొని పంపారు. చెప్పులు ఆన్‌లైన్‌లో కొంటారా అన్నదే వాళ్లు తేల్చుకోవాల్సిన ప్రశ్న. మన ఫ్లిప్‌కార్ట్ కూడా 2007లో పుస్తకాలొక్కటే అమ్మింది.

మొదటిరోజే ‘ఇదేటమ్మా, పేరు కొట్టేలోపు ఇద్దరు కాటా దిగిపోతన్నారు’ అంటారు నాన్నగారు. బాధపడకు, నీకు కావాల్సింది ఆ మాటే. పేర్లు టైపు చేయించకుండా వరుసగా పెద్ద బటన్లు పెట్టు. నెట్ పోయినా తూకం ఫోన్‌లో నిలవాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు, సిగ్నల్ లేక ఎలా ఉన్నామో నీకు నేను చెప్పక్కర్లేదు.

కూలి లెక్కలో ఒక గోతి ఉంది, ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 0.1కి 0.2 కలిపి చూడు, 0.3 బదులు 0.30000000000000004 వస్తుంది. కాబట్టి కిలోలను గ్రాములుగా, రూపాయలను పైసలుగా పూర్ణాంకాల్లో దాచు. చివర్న అర పైస వస్తే ఎటు సవరించాలో నాన్నగారినే అడిగి, దానికి టెస్టు, అంటే లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూసే చిన్న కోడ్, రాయి. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌కి కోడ్ పంపిన ప్రతిసారీ ఆ టెస్టులు వాటంతటవే నడిచేలా పెట్టుకుంటే, నిన్ను భయపెట్టిన డెవాప్స్‌లో మొదటి మెట్టు ఎక్కినట్టే. ఒక్క జాగ్రత్త: కూలీల అసలు పేర్లు, తూకాలు అందరికీ కనిపించే చోట పెట్టొద్దు.

కోడ్ రాసిపెట్టడానికి ఇప్పుడు ఏఐ ఉంది, వాడుకో. కాటా దగ్గర ఎవరు ఎందుకు గొడవపడుతున్నారో దానికి తెలియదు, నీకు తెలుస్తుంది. కొన్న ప్రాజెక్టు తెచ్చినవాళ్లను నేను మాక్ ఇంటర్వ్యూల్లో మూడో ప్రశ్నకే పట్టేస్తాను. ‘ఇది ఎవరు వాడారు? ఏం తిట్టారు?’ అంటే నేల చూపులు చూస్తారు. కోడ్‌లో మార్పులన్నీ నమోదయ్యే నీ గిట్ చరిత్రలో అయితే ఏ తేదీన ఎవరి మాట మీద ఏం మార్చావో వరుసగా కనిపిస్తుంది.

ఫ్యాక్టరీ యజమాని ఒప్పుకోకపోతే బలవంతం చేయకు. కాశీబుగ్గలో టైలర్ దగ్గరో, పాల కేంద్రం దగ్గరో ఇలాంటి పుస్తకం ఇంకొకటి ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం మొదటి నెల పాత పుస్తకం మానిపించొద్దు. రెండూ నడవనీ, శనివారం కూలి ఇచ్చేముందు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడు. తేడా వచ్చిన తూకాలు నాకు రాసి పంపు.